వాద్యబృంద సారథి సాలూరి రాజేశ్వరరావు

విజయనగరమునుండి పార్వతీపురమునకు బెంగాల్ నాగపూర్ రైల్వేవారు 1908–09 సంవత్సరములలో దారి వేసిరి. 1913లో ఆ దారినుండి సాలూరునకు ఒక శాఖను పొడిగించిరి. కొండల పాదమున ముగిసిపోవు చిన్న శాఖ అది. అదే కంపెనీవారి పట్టాలు రెండవ కొనను గంగయొడ్డున హౌరాలోను, షాలిమారులోను వచ్చి ఆగినవి. ఆ పట్టాలను నమ్ముకొనియే ఉత్తరాంధ్రమునుండి వేలకొలది తెలుగు కుటుంబములు ఖరగపురమునకు, గార్డెన్‌రీచికి, షాలిమారునకు బ్రతుకుతెరువు వెదకికొనుచు తరలివచ్చినవి. ఆ కాలమున షాలిమారు సరకుల బండ్లకే తావు. ప్రయాణికులు హౌరాలో దిగెడివారు. చెన్నపట్టణమునకు పోవు కోరమాండల్ ఎక్స్‌ప్రెస్సు షాలిమారునుండి బయలుదేరుట 2022లో వచ్చిన మార్పు. అట్లు వచ్చినవారిలో పెక్కుమంది ఇచ్చటనే నిలిచిపోయిరి. సాలూరు ప్రాంతమువాడైన ఒక బాలుడు మాత్రము కలకత్తాలో ఇంచుమించు ఒక సంవత్సరముండి మరలిపోయెను. ఆ సంవత్సరములో అతడు చెవులతో మూటగట్టుకొని పోయిన విద్య తెలుగువారి పాటకు క్రొత్త రూపము దిద్దినది.

ఆ బాలుడే సాలూరి రాజేశ్వరరావుగారు. వారు 1922 అక్టోబరు 11వ తేదీన సాలూరునకు సమీపమున శివరామపురమను గ్రామములో జన్మించిరి. తండ్రి సన్యాసిరాజుగారు మృదంగ విద్వాంసులు; పాటలు కూడ వ్రాయనేర్చినవారు. ద్వారం వెంకటస్వామినాయుడుగారి వంటి మహావిద్వాంసుని వాయులీనమునకు మృదంగ సహకారము అందించిన ఘనత వారిది. తమ్ముడు హనుమంతరావుగారు కూడ తరువాతి కాలమున తెలుగు, కన్నడ చిత్రములకు సంగీతము కూర్చి పేరుపొందిరి. ఇట్టి యింట పుట్టిన శిశువునకు మొదట చెవినబడునది లయ. అంతకంటె ముఖ్యమైన విషయము మరియొకటి కలదు. కచ్చేరీలో నడుమ కూర్చుండువానికి కనబడు సంగీతము వేరు, ప్రక్కన కూర్చుండువానికి కనబడు సంగీతము వేరు. ప్రక్కవాద్యము వాయించువాడు ఎదుటివాని ఊపిరిని సయితము కనిపెట్టుచుండవలెను. ఎచ్చట పలుకవలెనో, ఎచ్చట ఊరకుండవలెనో ఎరిగియుండవలెను. రాజేశ్వరరావుగారు గొప్ప గాయకులైనను, సంగీతమును ప్రక్కవాద్యమువాని చూపుతో చూచెడి అలవాటు వారికి పితృదత్తమైన ఆస్తి యనవచ్చును.

బాల్యముననే వారి కంఠము గ్రామఫోను కంపెనీవారి దృష్టిలో పడెను. పండ్రెండేండ్ల ప్రాయము దాటకముందే రికార్డులకు పాడిరి. 1935లో వేల్ పిక్చర్సువారి శ్రీకృష్ణలీలలు చిత్రములో బాలకృష్ణ పాత్రము, ఆ మరుసటి సంవత్సరము శశిరేఖా పరిణయములో అభిమన్యు పాత్రము ధరించిరి. నటించువాడే పాడవలసిన రోజులవి. కెమేరాకు కనబడకుండ వాద్యకారులు చెట్టుచాటునో తెరచాటునో కూర్చుండి వాయించెడివారు. పాటకును వాద్యమునకును గల సంబంధము ఆనాడు అంతమాత్రమే.

తెలుగు టాకీలు కొన్ని అప్పుడు కలకత్తాలోనే తయారగుచుండెడివి. సి. పుల్లయ్యగారు ఈస్టిండియా ఫిలిం కంపెనీవారి పక్షమున 1933లో సతీ సావిత్రిని, 1934లో లవకుశను ఇచ్చటనే తీసిరి. కీచకవధ చిత్రము నిమిత్తమై 1937 ప్రాంతమున రాజేశ్వరరావుగారు కలకత్తా చేరిరి. అప్పటికి వారికి పదునైదేండ్లు. చిత్రము పని ముగిసినను పిల్లవానికి ఈ నగరము విడిచిపోవ మనసొప్పలేదు. దానికి కారణము టాలీగంజిలోని న్యూ థియేటర్సు.

బీరేంద్రనాథ సర్కారుగారు 1931లో స్థాపించిన ఆ సంస్థలో అప్పుడు రాయ్‌చంద్ బోరాల్, పంకజ మల్లిక్, కుందన్‌లాల్ సైగల్ మువ్వురును ఒకే కప్పు క్రింద పనిచేయుచుండిరి. సైగల్ చిత్రసీమకు రాకముందు రైల్వేలో టైంకీపరుగా పనిచేసిన మనిషి. మన ఉద్యోగులకు ఈ సంగతి కొంత గర్వకారణము కావచ్చును. బోరాల్ 1935లో భాగ్యచక్ర చిత్రముతో నేపథ్యగానమును ప్రవేశపెట్టి, నటుడే పాడవలెనను నిర్బంధమును తొలగించెను. పంకజ మల్లిక్ 1937లో ముక్తి చిత్రమున రవీంద్రుని గీతములను తెరకెక్కించెను. ఈ పెద్దల సన్నిధిని రాజేశ్వరరావుగారు హిందూస్థానీ బాణీని, రవీంద్ర సంగీతపు పోకడలను, తబలా మున్నగు వాద్యములను అభ్యసించిరి. సైగల్ గాత్రములోని మెత్తదనము, గొంతెత్తి అరవకయే పాటలోని వేదనను వినిపింపగల నేర్పు ఆ పిల్లవానిని జన్మాంతము విడువలేదు.

అయినను వారు ఇచ్చట పొందిన ముఖ్యమైన విద్య గాత్రమునకు సంబంధించినది కాదు. వంగదేశమున వాద్యబృందమునకు అప్పటికే ఒక చరిత్ర యుండెను. 1858లో బేల్‌గాచియా నాటకశాలలో రత్నావళి నాటకమును ప్రదర్శించినపుడు క్షేత్రమోహన గోస్వామి దేశీయ వాద్యములను బృందముగా కూర్చి వాయింపజేసెను. మైహరులో అల్లావుద్దీన్‌ఖాన్ బీదపిల్లలను చేరదీసి ఒక వాద్యబృందమునే నిర్మించెను. ఆయన శిష్యుడైన తిమిర్‌బరన్ 1935నాటి దేవదాసు చిత్రమునకు సంగీతము కూర్చెను. ఈ పరంపర యంతయు న్యూ థియేటర్సు సంగీతశాలలో ప్రవహించుచుండెను. మన రంగస్థలముపై హార్మోనియము నటుని పద్యమును వెంటాడుచు పోయెడిది. పద్యము ముగిసినపుడు తానును ముగిసెడిది. బోరాల్ బృందములోని వాద్యములు అట్లు కాక, పాట మొదలుగాకముందే మాటలాడెడివి. చరణమునకు చరణమునకు నడుమ గాయకుడు చెప్పని సంగతిని చెప్పెడివి. గాయకుడు విషాదములో మునిగియున్నపుడు వేణువు ఆశను చూపగలదు. గాయకుడు నవ్వుచున్నపుడు వాయులీనములు రాబోవు కీడును సూచింపగలవు. పాట యనగా గాత్రము మాత్రమే కాదనియు, పదిమంది చేతులతో కట్టిన ఇల్లనియు ఆ యువకునకు తెలిసినది టాలీగంజిలోనే.

పాశ్చాత్యుల వాద్యబృందములో నిర్వాహకునకు వ్రాసిపెట్టిన స్వరపత్రము ఆధారము. వయొలిన్ వాయించు ముప్పదిమందియు ఒకే స్వరమును ఒకే తీరున పలికింతురు. మన సంగీతమునకు గమకము ప్రాణము. ఇద్దరు విద్వాంసులు ఒకే సంగతిని సరిగా ఒకే గమకముతో వాయించుట కష్టసాధ్యము. కనుక భారతీయ వాద్యబృందమును నడుపువాడు ఒక చిక్కును ఎదుర్కొనక తప్పదు. గమకమును కత్తిరించినచో రాగము చచ్చును. విద్వాంసులను వారి మనోధర్మమునకు వదలిపెట్టినచో బృందము చెదరును. రాజేశ్వరరావుగారి జీవితకాలపు కృషి యంతయు ఈ చిక్కుముడిని విప్పుటయే. గమకము గల పలుకులను వీణకో, సితారునకో, వేణువునకో ఒంటరిగా అప్పగించి, వాయులీనముల గుంపునకు సూటిగా సాగు స్వరములనిచ్చి, రెండింటిని ఒకదాని నీడలో ఒకటి నడిపించుట వారి పద్ధతి. ఇది చెప్పుటకు సులభము. హార్మోనియము, మృదంగము, తబలా, సితారు, పియానో, మాండలిన్ ఇన్నింటిని స్వయముగా వాయింపగలవారు గనుక ఏ వాద్యమును ఏది అడుగవచ్చునో, ఏది అడుగరాదో వారు తమ వ్రేళ్ళతో నెరిగియుండిరి.

1938 నాటికి చెన్నపట్టణము చేరి సొంత వాద్యబృందమును ఏర్పరచుకొనిరి. 1940లో గూడవల్లి రామబ్రహ్మంగారి ఇల్లాలు చిత్రములో సంగీత నిర్వహణమునందు పాల్గొనుటయే గాక, బాలసరస్వతీదేవిగారితో కలసి నటించిరి కూడ. ఆ మీదట నటన క్రమముగా వెనుకబడినది. వారు తెరముందునుండి తెరవెనుకకు నడచినవారు. లోకములో సాధారణముగా నడక ఇటునుండి అటు గాక, అటునుండి ఇటుండును.

తరువాత జెమినీ స్టూడియో. ఎస్.ఎస్. వాసన్‌గారి సంస్థలో కళాకారులు నెలజీతముపై పనిచేసెడివారు. వేళకు రావలెను, వేళకు పోవలెను. పాట పుట్టినను పుట్టకున్నను జీతము ముట్టెడిది. జీతమునకు పనిచేయువాడు కళాకారుడు కాజాలడని వాదించువారు నేటికిని కలరు. వారు ఒక్కసారి బాలనాగమ్మను (1942), చంద్రలేఖను (1948) తలచుకొనవలెను. చంద్రలేఖలో కర్ణాటక, హిందూస్థానీ, పాశ్చాత్య సంగీత రీతులన్నియు ఒకే చిత్రమున కలసినవి. కోటలో మహాభేరుల మీద వందలకొలది నర్తకులు ఆడెడి ఆ నృత్యమునకు కావలసిన వాద్యబలమును నిలువరించి నడుపుట సేనానాయకత్వము వంటి పని. అంతటి బృందమును, అంత దీర్ఘమైన అభ్యాసమును జెమినీవంటి కొలువు తప్ప ఏ ఒంటరి కళాకారుడును భరింపజాలడు. వీణ ఈమని శంకరశాస్త్రిగారు ఆ సంగీతశాఖలోనే పనిచేసి, తరువాత ఆకాశవాణిలో చేరి, ఢిల్లీలో జాతీయ వాద్యబృందమును నడిపించిరి. జెమినీ సంగీతశాల ఆ విధముగా ఒక పాఠశాలయు అయినది.

ఆ రోజులలో పాట రికార్డింగు ఎట్లు జరిగెడిదో ఈ తరమువారికి కొంత చెప్పవలసియున్నది. గాత్రమును ఒకనాడు, వాద్యములను మరియొకనాడు వేర్వేరుగా పట్టి అతికించు సౌకర్యము లేదు. గాయకులు, వాద్యకారులు ఒకే గదిలో ఒకే సమయమున పాడి వాయింపవలెను. ఎవనికి మైకు ఎంత దూరమున నుండవలెనో కొలిచి కూర్చుండబెట్టుట నిర్వాహకుని పనిలో సగము. మృదువైన వీణ దగ్గరకు, ఘాటైన క్లారినెట్టు దూరమునకు, తబలా మరియొక మూలకు. వాద్యకారులు తమ తమ స్వరములను నోటుపుస్తకములలో సరిగమలుగా వ్రాసికొని కూర్చుండెడివారు. మూడు నిమిషముల పాటలో రెండున్నర నిమిషములు నిర్దోషముగా సాగి, చివర ఒక కమాను తప్పుదారి పట్టినచో మరల మొదటినుండి అందరును. ఫిలిము వృథా, సమయము వృథా. తప్పిన వానిపై నలువది జతల కన్నులు పడును. అట్టి గదిలో నిర్వాహకుని ముఖమున చిరాకు పొడసూపినచో తరువాతి ప్రయత్నమున మరి ఇద్దరు తప్పుదురు. వాద్యబృందమును నడుపుట సంగీతజ్ఞానమునకు ఎంత పరీక్షయో, మనుష్యులతో వ్యవహరించు నేర్పునకు అంత పరీక్ష.

జెమినీని వీడిన పిమ్మట వారి ప్రతిభకు శిఖరమనదగినది బి.ఎన్. రెడ్డిగారి మల్లీశ్వరి (1951). దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు పాటలు వ్రాయగా, ఘంటసాల, భానుమతిగారలు పాడిరి. ఆ పాటల స్వరరచనకు, అభ్యాసమునకు సుమారు ఆరు నెలలు పట్టినవని చెప్పుకొందురు. ఆ కాలము ఎచ్చటికి పోయినదో పాటలు వినినవారికి తెలియును. కృష్ణశాస్త్రిగారి మాటలు బరువు మోయజాలనివి. గట్టి తాళము వేసినచో నలిగిపోవును. రాజేశ్వరరావుగారు ఆ మాటల చుట్టు వాద్యములతో ఖాళీని నిర్మించిరి. ఒక పాదము ముగిసిన తరువాత వెంటనే పైబడక, ఆ మాట చెవిలో స్థిరపడు నంతవరకు ఆగి, అప్పుడు వేణువునో తీగవాద్యమునో పిలిచిరి. ఎడబాసిన నాయికానాయకులు మేఘునితో మొరపెట్టుకొను ఘట్టమున పాట రాగమునుండి రాగమునకు మారును. మారిన సంగతి శ్రోతకు తెలియును గాని, మారిన చోటు తెలియదు. ఆ చోటును దాచునది వాద్యబృందము. ఈ చిత్రమున వాద్యసమ్మేళనములో వారికి కుడిభుజమై నిలిచినవారు అద్దేపల్లి రామారావుగారు. మల్లీశ్వరి సంగీతమును మెచ్చుకొనువారు ఆ పేరును కూడ చెప్పుకొనుట న్యాయము.

విప్రనారాయణ (1954), మిస్సమ్మ (1955), చెంచులక్ష్మి (1958), భార్యాభర్తలు (1961), కులగోత్రాలు (1962), డాక్టర్ చక్రవర్తి (1964), రంగులరాట్నం (1966), భక్తప్రహ్లాద (1967). ఈ పట్టికను ఇంకను పెంచవచ్చును గాని ప్రయోజనము లేదు. మిస్సమ్మను గురించి మాత్రము ఒక విశేషము చెప్పక తీరదు. ఒకవంక త్యాగరాజస్వామి కృతి, మరియొకవంక రేలంగివారి హాస్యము, నడుమ ఏ.ఎం. రాజా, పి. లీలల లలితమైన యుగళములు గల ఆ చిత్రమును 1957లో హిందీలో మిస్ మేరీ అను పేర తీసిరి. సంగీత దర్శకుడు హేమంత కుమార్, వంగదేశీయుడు, రవీంద్ర సంగీతమున ప్రఖ్యాతుడు. ఆయన తక్కిన పాటలకు తన స్వరములను కూర్చుకొనెను గాని, బృందావనమును గూర్చిన పాటకు మాత్రము రాజేశ్వరరావుగారి వరుసనే ఉంచెను. టాలీగంజిలో తెలుగు బాలుడు తీసికొనిపోయిన అప్పు ఇరువదియేండ్లకు ఒక పాట రూపమున వంగీయునికి చెల్లినది.

అప్పు మాట వచ్చినది గనుక వారిపై తరచుగా వినవచ్చు నిందను కూడ విచారింపవలెను. రాజేశ్వరరావుగారు హిందీ, వంగ వరుసలను తెలుగులోనికి తెచ్చిరనునది ఆ నింద. అందు సత్యము లేకపోలేదు. 1962నాటి ఆరాధన, వంగభాషలోని సాగరిక (1956) చిత్రమునకు తెలుగు రూపము. అందు నాయకుడు తన హృదయములో నిదురించు ప్రియురాలిని తలచుకొని పియానో ముందు పాడుపాట సాగరికలో శ్యామల్ మిత్ర పాడిన పాట వరుసయే. అరువు అరువే, దానిని అరువు కాదనుట పొరపాటు. కాని ఒక సంగతిని గమనింపవలెను. పరభాషా చిత్రములను కొని తెలుగులో తీయుచున్న కాలమున, అక్కడ గెలిచిన వరుసను ఇక్కడ కూడ వినిపింపవలెనని నిర్మాతలు పట్టుబట్టుట సామాన్యము. సంగీత దర్శకుడు దానిని తిరస్కరించినచో మరియొకడు సిద్ధముగా నుండెడివాడు. రాజేశ్వరరావుగారు తిరస్కరింపలేదు. తిరస్కరించియుండిన బాగుండెడిదని కోరుకొనువారి కోరికలోను న్యాయమున్నది. మల్లీశ్వరిని సృజించిన చేతికి ఎరువు సొమ్ము అక్కరలేదు గదా. అయితే అరువు తెచ్చిన వరుసను వారు అరువుగనే వదలిపెట్టలేదు. తెలుగు మాట ఎచ్చట విరుగునో, ఏ అక్షరము దీర్ఘమో చూచి వరుసను సవరించిరి. వాద్యముల కూర్పును సవరించిరి. వంగపాటను ఎరుగని తెలుగు శ్రోత ఆ పాటను పరాయిదని గుర్తింపజాలడు. ఇది నిందకు పూర్తి సమాధానము కాదు. ఆ వృత్తిలో జీవించిన మనిషికి ఎంత స్వేచ్ఛ యుండెనో తెలుపు సాక్ష్యము మాత్రమే.

చలనచిత్రపు ఒత్తిడి లేని చోట వారి స్వేచ్ఛ ఎట్లుండెనో గ్రామఫోను రికార్డులకు పాడిన లలితగీతములు సాక్ష్యము చెప్పును. డెబ్బదియెనిమిది చుట్ల రికార్డు ఒక వైపున పట్టునది మూడు నిమిషములకు మించదు. ఆ చిన్న కాలములో బాలసరస్వతీదేవిగారితో కలసియు, ఒంటరిగను వారు పాడిన పాటలు తెలుగుదేశమున భావకవిత్వమునకు గొంతునిచ్చినవి. పెండ్లిపందిళ్ళలో, కాలేజీ వసతిగృహములలో ఆ రికార్డులు అరిగిపోవునంతగా తిరిగినవి. శాస్త్రీయ కచ్చేరీకిని, వీధి పాటకును నడుమ మధ్యతరగతి తెలుగువాడు తనకై ఏరుకొన్న సంగీతము అది.

ప్రజాజీవితమున వారు కనబడినది తక్కువ. మితభాషులు. తమ సంగీతమును గురించి సిద్ధాంతములు చెప్పి సభలను మెప్పించినవారు కారు. వారి అభిప్రాయములను వారి పనినుండియే గ్రహింపవలెను. పని నెమ్మదిగా చేయుదురని, వరుస కుదురు వరకు నిర్మాతను త్రిప్పుదురని కొందరు విసుగుకొనెడివారు. ఆంధ్ర విశ్వవిద్యాలయమువారు 1979లో కళాప్రపూర్ణ బిరుదముతోను, రాష్ట్ర ప్రభుత్వమువారు 1992లో రఘుపతి వెంకయ్య పురస్కారముతోను గౌరవించిరి. మొదటి చిత్రము నాటినుండి లెక్కించినచో ఈ రెండవ గౌరవము వచ్చుటకు ఏబదియేడేండ్లు పట్టినది.

తాము పుట్టిన సీమ చరిత్రకు మాత్రము వారు రెండు మారులు సంగీతము కూర్చుట తటస్థించినది. 1964లో బొబ్బిలియుద్ధము, 1986లో తాండ్ర పాపారాయుడు. రెండును 1757నాటి బొబ్బిలి కోట కథలే. ఆ కోట శివరామపురమునకు దూరము కాదు. వీధి గాయకులు తరతరములుగా పాడుకొన్న ఆ కథ వారికి పసితనమున చెవినబడకుండ నుండదు. మొదటి చిత్రము నాటికి చెన్నపట్టణపు సంగీతశాలలు వాయులీనముల వారితో, వైణికులతో క్రిక్కిరిసి యుండెను. రెండవ చిత్రము నాటికి విద్యుత్ మీటల వాద్యములు ప్రవేశించి, ఒక్క మనిషి పదిమంది పనిని చేయుట ఆరంభమైనది. మరి పదియేండ్లలో ఆ నలువదిమందిలో చాలమంది పిలుపు లేక ఇండ్లలో కూర్చుండిరి. కొందరు పిల్లలకు పాఠములు చెప్పుకొని కాలము గడిపిరి. వారు వాయించిన ప్రతి స్వరమును నేటికిని వినవచ్చును గాని, ఏ చిత్రపు ఆరంభమునను వారి పేర్లన్నియు కనబడవు.

రాజేశ్వరరావుగారి కుమారులు కోటేశ్వరరావు, వాసూరావుగారలు సంగీత దర్శకులైరి. కోటి అను పేర పెద్దకాలము తెలుగు చిత్రసీమనేలినవారు మొదటివారే. రాజేశ్వరరావుగారు తమ డెబ్బదియేడవ జన్మదినము గడచిన కొలది దినములకే, 1999 అక్టోబరులో, చెన్నపట్టణమున కన్నుమూసిరి.